47 ఎర్రర్లు, ఒక నక్షత్రం గుర్తు

14 నెలలుగా ముట్టుకోని నా ఎక్స్‌టెన్షన్‌ను ఇటీవల మళ్లీ తెరిచాను. విజువల్ స్టూడియో కోడ్ అనే కోడ్ ఎడిటర్‌కు అదనపు సౌకర్యంగా, టైప్‌స్క్రిప్ట్ భాషలో రాసుకున్న చిన్న పనిముట్టు అది. తెరిచి ఉన్న ఫైళ్లలో "తరువాత చూడాలి" అని రాసి వదిలేసిన వ్యాఖ్యలను ఏరి, పక్కన ఒక జాబితాగా చూపిస్తుంది. నేను చేయదలచిన మార్పు రెండు పంక్తులకు మించదు. అయితే పాత ఇన్‌స్టాలేషన్ పాడై ఉంటుందేమోనన్న అనుమానంతో తెచ్చుకున్న ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను, దానితో పాటు వాటి ఖచ్చితమైన వెర్షన్లను నమోదు చేసే లాక్ ఫైల్‌ను కూడా తుడిచేసి, ప్యాకేజీలన్నీ కొత్తగా తెప్పించుకొని కంపైల్ చేశాను. తెర మీద 47 ఎర్రర్లు కనిపించాయి. నా కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. 14 నెలల క్రితం అదే కోడ్ ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కంపైల్ అయింది.

లాక్ ఫైల్‌ను తుడిచేయడం నా తప్పే, దానికి ఎవరినీ అనవలసిన పని లేదు. కానీ ఆ తప్పు వల్ల ఒక సాయంత్రమంతా కూర్చుని, ఎడిటర్ ఎక్స్‌టెన్షన్ల విషయంలో కంపైల్ ఎర్రర్ అసలు ఏమి చెబుతోందో నెమ్మదిగా చదవవలసి వచ్చింది. అంతకు ముందు జెట్‌బ్రెయిన్స్ ప్లగిన్లతోను, యూనిటీ గేమ్ ఇంజిన్ ఎడిటర్ స్క్రిప్టులతోను పడిన ఇబ్బందులు కూడా ఆ సాయంత్రం ఒక్క చోటికి చేరాయి. వాటన్నిటినీ కలిపి ఇక్కడ రాసుకుంటున్నాను.

మామూలు ప్రోగ్రాములో మనం ఎంచుకున్న లైబ్రరీలు మన ప్రోగ్రాముతోనే వాడుకరి దగ్గరికి వెళతాయి. ఎక్స్‌టెన్షన్ సంగతి వేరు. అది ఎవరి ఇంట్లోనో అతిథిగా నడుస్తుంది, ఆ ఇల్లు ఏ వెర్షన్‌దో మనం నిర్ణయించలేము. అందువల్ల ఒక ఎక్స్‌టెన్షన్ చుట్టూ ఎప్పుడూ నాలుగు వెర్షన్లు తిరుగుతుంటాయి: ఎడిటర్ ఏపీఐని, అంటే ఎక్స్‌టెన్షన్ పిలవగల ఎడిటర్ సౌకర్యాలను, వర్ణించే టైప్స్ (జావాలో అయితే జార్) ఫైళ్ల వెర్షన్, వాటిని చదివే కంపైలర్ వెర్షన్, కంపైల్ అయిన కోడ్‌ను నడిపే రన్‌టైమ్ వెర్షన్, చివరగా వాడుకరి కంప్యూటర్‌లో ఉన్న ఎడిటర్ వెర్షన్. నేను చూసిన మేరకు, ఒకప్పుడు చక్కగా కంపైల్ అయిన కోడ్ హఠాత్తుగా మొరాయించిందంటే ఈ నాలుగింటిలో ఏవో రెండింటికి పొసగడం లేదని అర్థం. ఆ రెండూ ఏవో తేల్చుకోకుండా కోడ్ మీద చేయి వేస్తే, ఒక తగాదా తీర్చబోయి ఇంకొకటి తెచ్చుకుంటాము.

ఆ తేల్చుకోవడం ఎర్రర్ సందేశంతో కాకుండా, సందేశానికి ముందున్న ఫైల్ దారితో మొదలవుతుంది. నా 47 ఎర్రర్లలో ఒక్కటి కూడా నా సోర్స్ ఫోల్డర్‌లో లేదు. అన్నీ నోడ్ మాడ్యూల్స్ లోపల, నోడ్ అనే జావాస్క్రిప్ట్ రన్‌టైమ్‌ను వర్ణించే నోడ్ టైప్స్ ప్యాకేజీకి చెందిన డిక్లరేషన్ ఫైళ్లలో ఉన్నాయి. సందేశాలు కూడా "ఫలానా టైప్ సరిపోలేదు" అన్న రకానివి కావు. "ఇక్కడ కామా ఉండాలి", "ఇక్కడ సెమికోలన్ ఉండాలి" అన్న రకానివి, అంటే టైప్‌స్క్రిప్ట్‌లో 1005 సంఖ్యతో వచ్చే వ్యాకరణ దోషాలు. లక్షల మంది వాడే ప్యాకేజీలో కామా మరచిపోయారని అనుకోవడం కంటే, ఆ ఫైల్‌లో ఉన్న కొత్త వ్యాకరణం నా పాత కంపైలర్‌కు తెలియదని అనుకోవడం సబబు. తగాదా టైప్స్ వెర్షన్‌కూ కంపైలర్ వెర్షన్‌కూ మధ్య ఉందన్నమాట.

నేను టైప్‌స్క్రిప్ట్‌ను పాత వెర్షన్ దగ్గరే కట్టేసి ఉంచాను. నోడ్ టైప్స్‌ను మాత్రం నేను అడగనేలేదు. పరీక్షల కోసం పెట్టుకున్న ఒక చిన్న లైబ్రరీ తాలూకు టైప్స్ ప్యాకేజీ దానిని వెంటబెట్టుకొని వచ్చింది, ఆ ప్యాకేజీ తన అవసరాన్ని ఒక నక్షత్రం గుర్తుతో రాసుకుంది. నక్షత్రం అంటే ఏ వెర్షనైనా ఫరవాలేదని అర్థం, ఏదైనా ఫరవాలేదంటే ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎమ్ అన్నిటికంటే కొత్తది తెచ్చి పెడుతుంది. లాక్ ఫైల్ ఉన్నన్నాళ్లూ ఆ గుర్తును అదుపులో పెట్టింది; దానిని తుడిచేయగానే పట్టు వదిలింది. డెఫినిట్లీ టైప్డ్ అనే ప్రాజెక్టు వారి విధానం ప్రకారం, వారు నిర్వహించే టైప్స్ ప్యాకేజీలు రెండేళ్ల లోపు విడుదలైన టైప్‌స్క్రిప్ట్ వెర్షన్లతోనే పనిచేస్తాయని చెబుతారు. అంతకంటే పాత కంపైలర్ ఉన్నవారి కోసం, ప్రతి ప్యాకేజీకీ ఆ కంపైలర్ వెర్షన్ పేరుతోనే ఒక ట్యాగ్ ఉంచుతారు. నా కంపైలర్ వెర్షన్‌కు చెందిన ట్యాగ్‌తో నోడ్ టైప్స్‌ను నేరుగా నా జాబితాలో చేర్చగానే 47 ఎర్రర్లూ ఒక్కసారిగా మాయమయ్యాయి.

ఈ సందర్భంలో చాలామంది మొదట చెప్పే సలహా స్కిప్ లిబ్ చెక్ అన్న అమరికను ఆన్ చేయమని. నేనూ ముందు అదే చేశాను, ఒక్క ఎర్రర్ కూడా తగ్గలేదు. కారణం తెలిశాక నవ్వు వచ్చింది. ఆ అమరిక డిక్లరేషన్ ఫైళ్లలోని టైప్ తనిఖీని మాత్రమే దాటవేస్తుంది, ఫైల్‌ను చదివి అర్థం చేసుకునే దశను దాటవేయదు. వ్యాకరణమే తెలియని ఫైల్‌ను చదవడం కంపైలర్‌కు సాధ్యమే కాదు కదా. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు ఈ అమరికను అన్నిటికీ వాడేవారిని చూస్తే నాకు కొంచెం చిరాకు. రెండు టైప్స్ ప్యాకేజీలు ఒకే పేరును రెండు రకాలుగా ప్రకటించినప్పుడు తాత్కాలికంగా దానిని వాడుకోవచ్చు, కానీ ఆ తెర వెనుక నిజమైన తగాదా అలాగే మిగిలి ఉంటుంది.

అసలు ప్రమాదం ఆ తరువాత బయటపడింది. ఎర్రర్లు పోయాయి కదా అని ఊరుకోకుండా ఇన్‌స్టాల్ అయిన వెర్షన్లన్నీ ఒకసారి చూసుకుంటే, ఎడిటర్ టైప్స్ కూడా ఎక్కడికో ఎగబాకి ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ వివరాలు ఉండే ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో ఇంజిన్స్ అనే చోట నేను ఎడిటర్ కనీస వెర్షన్‌గా 1.60 అని ప్రకటించాను, టైప్స్ దగ్గర కూడా కేరట్ (^) గుర్తుతో 1.60 అనే రాశాను. చూడడానికి రెండూ సమానంగానే ఉన్నాయి. కానీ కేరట్ గుర్తు మొదటి అంకె మారనంత వరకు ఎంత కొత్త వెర్షనైనా తెచ్చుకోవడానికి అనుమతిస్తుంది, విజువల్ స్టూడియో కోడ్ ఏళ్ల తరబడి 1 అన్న మొదటి అంకె మీదే నెలకొక విడుదల చేస్తూ వచ్చింది. ఎక్స్‌టెన్షన్‌ను పొట్లం కట్టే వీఎస్‌సీఈ పనిముట్టు, టైప్స్ వెర్షన్ ఇంజిన్స్ వెర్షన్‌ను మించితే పొట్లం కట్టనని మొండికేస్తుంది, ఆ కాపలా మంచిదే. అయితే అది పోల్చేది జాబితాలో రాసి ఉన్న అంకెను. ఫోల్డర్‌లోకి నిజంగా వచ్చి కూర్చున్న వెర్షన్‌ను కాదు. అందువల్ల కేరట్ గుర్తు ఆ కాపలా కళ్ల ముందే దాటిపోతుంది.

దీని ఫలితం కంపైల్ ఎర్రర్ కాదు, అంతకంటే చెడ్డది: కంపైల్ ఎర్రర్ రాకపోవడం. తెరిచి ఉన్న ట్యాబ్‌ల సమాచారం ఇచ్చే ట్యాబ్ గ్రూప్స్ ఏపీఐ 1.67 వెర్షన్‌లో, అంటే 2022 ఏప్రిల్ విడుదలలో స్థిరపడింది. కొత్త టైప్స్‌తో కంపైల్ చేస్తే ఆ ఏపీఐని వాడిన పంక్తి చక్కగా కంపైల్ అవుతుంది. 1.60 వాడుతున్న వ్యక్తి, నా ప్రకటనను నమ్మి ఇన్‌స్టాల్ చేసుకుంటే, ఆ పంక్తి దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఏ వస్తువూ ఉండదు. ఎక్స్‌టెన్షన్ నోరు మూసుకుంటుంది. చాలా కాలం కిందట నేను సరిగ్గా ఇదే పొరపాటు చేశాను, నా యంత్రంలో ఎడిటర్ ఎప్పుడూ కొత్తదే కాబట్టి వారాల తరబడి నాకు తెలియనేలేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: నేను మాట ఇచ్చిన వెర్షన్లలో అన్నిటికంటే పాతదానితో కంపైల్ చేయాలి, అన్నిటికంటే కొత్తదానిలో నడిపి చూడాలి. ఎడిటర్ టైప్స్ ముందు కేరట్ గుర్తు పెట్టను. అంకె ఒక్కటే, ఖచ్చితంగా రాస్తాను.

ఈ నియమం పాటిస్తే కొత్త రకం కంపైల్ ఎర్రర్ ఎదురవుతుంది, అది మనం కోరి తెచ్చుకున్నది. పాత టైప్స్‌లో ట్యాబ్ గ్రూప్స్ అన్న పేరే లేదు కనుక, "ఎడిటర్‌లో ఉంటే వాడు, లేకపోతే వదిలేయ్" అని రాసిన జాగ్రత్త కోడ్ కూడా కంపైల్ కాదు. దీనికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఎడిటర్ మాడ్యూల్ టైప్స్‌లోకే మన ప్రకటనను జొప్పించడం. చదవడానికి అది అందంగా ఉంటుంది, కానీ మరుసటి ఏడాది కనీస వెర్షన్ పెంచిన రోజున అసలు ప్రకటనా మన ప్రకటనా ఢీకొని, ఒకే పేరును రెండుసార్లు ప్రకటించారని కంపైలర్ గోల పెడుతుంది. రెండో దారి నాకు ఇష్టమైనది: నాకు కావలసిన రెండు మూడు లక్షణాలతోనే ఒక చిన్న ఇంటర్‌ఫేస్ వేరే ఫైల్‌లో రాసుకొని, ఎడిటర్ ఇచ్చిన వస్తువును ముందు అన్‌నోన్‌గాను, ఆ తరువాత ఆ ఇంటర్‌ఫేస్‌గాను మార్చుకోవడం. ఇలా మార్చేటప్పుడు ఆ లక్షణం ఉండకపోవచ్చన్న సంగతి ఇంటర్‌ఫేస్‌లోనే ప్రశ్నార్థకంతో రాస్తాను, అప్పుడు లేని సందర్భాన్ని మరచిపోతే కంపైలరే పట్టుకుంటుంది. ఎనీ అన్న టైప్‌గా మార్చేస్తే ఈ పట్టు పోతుంది.

టైప్స్ వెర్షన్ పెంచినప్పుడు నా కోడ్ కంటే ముందు విరిగేది పరీక్షల కోడ్. ఎడిటర్ ఇచ్చే ఎక్స్‌టెన్షన్ కాంటెక్స్ట్ లాంటి వస్తువులకు పరీక్షల కోసం నకిలీలు తయారు చేసుకుంటాము. ఎడిటర్ వారు ఆ ఇంటర్‌ఫేస్‌కు సీక్రెట్స్ వంటి కొత్త లక్షణం చేర్చినప్పుడు దానిని వాడుకునేవారికి ఏ ఇబ్బందీ లేదు, దానిని అమలు చేసేవారికి మాత్రం "ఈ లక్షణం లోపించింది" అన్న ఎర్రర్ వస్తుంది. ఎడిటర్ దృష్టిలో అది చేర్పు, నా నకిలీ దృష్టిలో అది విచ్ఛిన్నం. నకిలీ వస్తువును ఒక్క చోట, ఒక్క ఫంక్షన్‌లో తయారు చేసుకుంటే దిద్దుబాటు కూడా ఒక్క చోటే ఉంటుంది.

ఏ వెర్షన్ దగ్గర విరిగిందో తెలియనప్పుడు మార్పుల చిట్టాలన్నీ చదువుతూ కూర్చోవడం కంటే సగానికి సగం కోస్తూ పోవడం మేలు. 1.60 టైప్స్‌తో కంపైల్ అవుతోంది, 1.92తో కావడం లేదు అనుకుందాం. మధ్యలో 32 మెట్లున్నాయి. మధ్యలోని 1.76ను ఇన్‌స్టాల్ చేసి, ఏ ఫైలూ పుట్టించకుండా టైప్ తనిఖీ మాత్రమే నడిపితే, ఇటో అటో సగం తేలిపోతుంది. ఐదు ప్రయత్నాల్లో సరిగ్గా ఏ విడుదలో దొరుకుతుంది. అప్పుడు ఆ ఒక్క విడుదల చిట్టా చదివితే చాలు. ప్రతి ప్రయత్నానికీ ముందు ఇంక్రిమెంటల్ బిల్డ్ వదిలిన సమాచార ఫైల్‌ను తుడిచేయడం మరవకూడదు, లేకపోతే నిన్నటి జవాబునే ఇవాళ మళ్లీ చదువుతాము. ఒక ప్రయత్నంలో ఒక్క వెర్షన్‌ను మాత్రమే మార్చాలన్నది దీనికి ప్రాణం. టైప్స్‌నూ కంపైలర్‌నూ కలిపి మార్చిన ప్రతిసారీ నాకు అయోమయం తప్ప ఏమీ మిగలలేదు.

టైప్‌స్క్రిప్ట్ లోకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టిన సందేశం మరొకటి ఉంది: "ఎడిటర్‌స్టేట్ అన్న టైప్‌ను ఎడిటర్‌స్టేట్ అన్న టైప్‌కు అప్పగించడం కుదరదు." ప్రోజ్‌మిర్రర్ అనే లైబ్రరీ ఆధారంగా నడిచే వెబ్ ఎడిటర్‌కు ప్లగిన్ రాస్తున్నప్పుడు ఇది వచ్చింది, మొదటిసారి చదివినప్పుడు కంపైలర్‌కు మతి పోయిందనుకున్నాను. నిజానికి అది అక్షరాలా సరైన మాట. నా ప్లగిన్ ఒక వెర్షన్ స్టేట్ ప్యాకేజీని, ఎడిటర్ ఇంకొక వెర్షన్‌ను కోరడంతో, ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ప్రతులు చేరాయి. టైప్‌స్క్రిప్ట్ సాధారణంగా ఆకారం కలిస్తే చాలునంటుంది. కానీ క్లాసులో ప్రైవేటు లక్షణం ఒక్కటి ఉన్నా, ఆ లక్షణం ఒకే ప్రకటన నుంచి పుట్టి ఉండాలని పట్టుబడుతుంది. రెండు ప్రతులంటే రెండు ప్రకటనలు, అంటే పేరొకటే అయినా రెండు వేర్వేరు టైప్‌లు.

ఇక్కడ టైప్ మార్పిడితో కంపైలర్ నోరు మూయించడం సులభం, అది చాలా చెడ్డ పని కూడా. ఎందుకంటే నడిచేటప్పుడు కూడా రెండు ప్రతులు రెండుగానే ఉంటాయి, ఒక ప్రతి పుట్టించిన వస్తువును రెండో ప్రతి గుర్తించదు. కోడ్‌మిర్రర్ 6 అనే వెబ్ కోడ్ ఎడిటర్ ఈ పరిస్థితిని తానే పసిగట్టి, స్టేట్ ప్యాకేజీ ఒకటికి మించి లోడ్ కావడం వల్ల ఇలా జరుగుతుందని ఎర్రర్ సందేశంలోనే రాస్తుంది. సందేశం రాయడం అంటే అలా రాయాలి. ఎన్‌పీఎమ్‌కు ఎల్‌ఎస్ ఆదేశం ఇచ్చి ప్యాకేజీ పేరు చెబితే ఎన్ని ప్రతులు ఎవరి వెంట వచ్చాయో కొమ్మలతో సహా చూపిస్తుంది. పరిష్కారం ప్లగిన్‌లో ఆ ప్యాకేజీని సొంత డిపెండెన్సీగా కాకుండా పీర్ డిపెండెన్సీగా, విశాలమైన వెర్షన్ పరిధితో ప్రకటించడం. అతిథి తన మంచం తానే మోసుకొని రాకూడదు, ఇంట్లో ఉన్నదాని మీదే పడుకోవాలి.

జావా వైపు వస్తే తగాదా అంకెల రూపంలో, చాలా సూటిగా కనబడుతుంది. ప్రతి క్లాస్ ఫైల్ మీద అది ఏ జావా కోసం పుట్టిందో ఒక సంఖ్య ఉంటుంది: జావా 8కి 52, 11కి 55, 17కి 61, 21కి 65. జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లకు ఆధారమైన ఇంటెల్లిజే వేదిక 2020.3 నుంచి జావా 11ను, 2022.2 నుంచి 17ను, 2024.2 నుంచి 21ను కోరుతుంది. వేదిక బిల్డ్ సంఖ్యలు కూడా ఇదే లెక్కలో ఉంటాయి, 2024.2కు 242, 2022.2కు 222. నేను ఒక ప్లగిన్‌ను 242కు మార్చినప్పుడు "క్లాస్ ఫైల్ వెర్షన్ తప్పు, 65 ఉంది, 61 ఉండాలి" అన్న ఎర్రర్ వచ్చింది. 65 అన్నది వేదిక జార్ ఫైళ్లది, 61 నా కంపైలర్‌కు తెలిసిన గరిష్ఠ సంఖ్య. జేడీకే 21ను, అంటే జావా 21 పనిముట్ల కట్టను, పెట్టుకోగానే పోవాలి కదా అని పెట్టాను. వెంటనే "క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65కు మద్దతు లేదు" అని మళ్లీ ఎర్రర్ వచ్చింది.

రెండు సందేశాల్లోనూ 65 ఉంది కాబట్టి మొదటి తగాదానే తీరలేదనుకొని గంటసేపు అదే చోట తవ్వాను. నిజానికి రెండో సందేశం జావా కంపైలర్‌ది కాదు, బిల్డ్ నడిపే పనిముట్టు గ్రాడిల్‌ది. కోడ్‌ను కంపైల్ చేసే జావా వేరు, గ్రాడిల్ తాను నడవడానికి వాడే జావా వేరు; గ్రాడిల్ 8.5 నుంచి మాత్రమే జావా 21 మీద నడవగలదు, నా ప్రాజెక్టులో ఉన్న గ్రాడిల్ అంతకంటే పాతది. గ్రాడిల్‌ను పెంచాక మరొక సంగతి తెలిసింది: 2024.2, ఆపై వేదికలకు ప్లగిన్లు కట్టాలంటే పాత 1.ఎక్స్ గ్రాడిల్ ప్లగిన్ చాలదు, ఇంటెల్లిజే ప్లాట్‌ఫామ్ గ్రాడిల్ ప్లగిన్ 2.ఎక్స్ కావాలి, దాని బిల్డ్ స్క్రిప్ట్ రాసే పద్ధతే వేరు. ఒక అంకె పెంచడానికి వెళ్లి మూడు పనిముట్లు మార్చి వచ్చాను.

అంతా అయ్యాక, పుట్టిన ప్లగిన్ మీద కూడా 65 ముద్ర పడింది. జావా 17 మీద నడిచే పాత వేదికలు దానిని లోడ్ చేయలేవు. పాతదానితో కంపైల్ చేస్తే కొత్త ఏపీఐ దొరకదు, కొత్తదానితో చేస్తే పాత వాడుకరులు దూరమవుతారు, ముందు నుయ్యి వెనుక గొయ్యి. నేను చివరకు రెండు శాఖలు పెట్టుకున్నాను, ఒకటి 241 వరకు, మరొకటి 242 నుంచి. ప్లగిన్ వివరాల ఫైల్‌లో కనీస, గరిష్ఠ బిల్డ్ సంఖ్యలు వేర్వేరుగా ప్రకటించాను. రెండు శాఖల నిర్వహణ నాకు ఇష్టమైన పని కాదు, కానీ ఒకే శాఖలో సాగదీయడానికి చేసిన ప్రయత్నాల కంటే తక్కువ సమయమే పడుతోంది.

జావా బదులు కాట్లిన్ భాషతో రాసేవారికి ఇదే తగాదా ఇంకో వేషంలో ఎదురవుతుంది. కాట్లిన్ క్లాస్ ఫైల్‌లో మెటాడేటా అనే మరొక వెర్షన్ కూడా ఉంటుంది. కంపైలర్ తనకంటే ఒక్క మెట్టు ముందున్న మెటాడేటాను చదవగలదు కానీ, అంతకు మించితే మాడ్యూల్ పొసగని కాట్లిన్ వెర్షన్‌తో కంపైల్ అయిందని ఎర్రర్ ఇస్తుంది. జేడీకే పెంచితే ఈ ఎర్రర్ పోదు, కాట్లిన్ కంపైలర్‌నే పెంచాలి. దానికి భిన్నంగా, జావా వర్చువల్ మెషీన్ (జేవీఎమ్) 17 లక్ష్యంతో పుట్టిన బైట్‌కోడ్‌ను, అంటే కంపైల్ అయిన కోడ్‌ను, 11 లక్ష్యంగా ఉన్న కోడ్‌లోకి ఇన్‌లైన్ చేయలేనన్న ఎర్రర్ వస్తే, అక్కడ మార్చవలసింది జేవీఎమ్ లక్ష్యం.

అన్ని వెర్షన్లతోనూ కంపైల్ అయినంత మాత్రాన ఒకే ప్లగిన్ అన్ని వెర్షన్లలోనూ నడుస్తుందన్న భరోసా జావాలో లేదు. వేదికలోని ఒక మెథడ్ ఏమీ తిరిగి ఇవ్వనిదల్లా ఒక విలువను తిరిగి ఇచ్చేదిగా మారిందనుకుందాం. దానిని పిలిచే నా పంక్తి రెండు వేదికలతోనూ నిశ్చింతగా కంపైల్ అవుతుంది. కానీ బైట్‌కోడ్‌లో మెథడ్‌ను వెతికేటప్పుడు, పేరు, పారామీటర్లతో పాటు తిరిగి ఇచ్చే టైప్ కూడా దాని చిరునామాలో భాగం. పాతదానితో కంపైల్ అయిన ప్లగిన్ కొత్త వేదికలో ఆ చిరునామాకు వెళితే అక్కడ ఎవరూ ఉండరు, అలాంటి మెథడ్ లేదన్న ఎర్రర్ వాడుకరి ముందు పడుతుంది. ఈ రకం లోపాలను పట్టడానికే ప్లగిన్ వెరిఫయర్ ఉంది. అది సోర్స్‌ను కాకుండా పుట్టిన బైట్‌కోడ్‌ను మనం చెప్పిన ప్రతి వేదిక వెర్షన్‌తోనూ సరిచూస్తుంది. విడుదలకు ముందు దానిని నడపడం ఐచ్ఛికమని నేను అనుకోను.

అలాగే 2019.2 నుంచి జావా భాషకు సంబంధించిన భాగాన్ని వేదిక నుంచి విడదీసి వేరే ప్లగిన్‌గా చేశారు. అంతకు ముందు రాసిన ప్లగిన్‌లో జావా పీఎస్‌ఐ క్లాసులు (జావా కోడ్ నిర్మాణాన్ని చూపేవి) వాడి ఉంటే, కొత్త వేదికతో కంపైల్ చేసినప్పుడు ఆ క్లాసులే లేవన్న ఎర్రర్లు వందల్లో వస్తాయి. క్లాసులు ఎక్కడికీ పోలేదు; బిల్డ్ స్క్రిప్ట్‌లోను, ప్లగిన్ వివరాల ఫైల్‌లోను జావా ప్లగిన్‌ను డిపెండెన్సీగా చేర్చాలి, అంతే.

యూనిటీలో ఎడిటర్ ఎక్స్‌టెన్షన్ వాడుకరి దగ్గరికి తరచూ సోర్స్ రూపంలోనే వెళుతుంది, వారి ఎడిటరే దానిని కంపైల్ చేస్తుంది. కాబట్టి అక్కడ ఎర్రర్ నా ముందు కాకుండా వారి ముందు పడుతుంది, అసెంబ్లీ డెఫినిషన్ ఫైల్‌తో నా కోడ్‌ను వేరే భాగంగా విడదీయకపోతే నా ఒక్క ఎర్రర్ వారి మిగతా ఎడిటర్ స్క్రిప్టులను కూడా ఆపేస్తుంది. ప్రీఫ్యాబ్ స్టేజ్ క్లాస్ 2021.2లో ప్రయోగాత్మక నేమ్‌స్పేస్ నుంచి అసలు నేమ్‌స్పేస్‌కు మారినప్పుడు నాకు ఈ అనుభవం కలిగింది. "2021.2 లేదా ఆపై" అని చెప్పే సింబల్‌తో యూజింగ్ పంక్తిని రెండుగా చీలిస్తే సరిపోయింది. అయితే ఈ సింబల్ కంపైల్ జరిగే క్షణంలోనే తేలుతుంది. ఎక్స్‌టెన్షన్‌ను ముందే డీఎల్‌ఎల్‌గా కంపైల్ చేసి ఇస్తే, ఆ చీలికలో ఏ సగం ఉండాలో నా యంత్రంలోని వెర్షనే నిర్ణయించేస్తుంది, వాడుకరి వెర్షన్‌కు అక్కడ మాట చెల్లదు. ఇంకొకటి కూడా చెప్పాలి: ఇలాంటి చీలికలు ఫైలంతా చల్లితే, ఆరు నెలల తరువాత ఏ పంక్తి ఎవరిదో నాకే తెలియదు. తేడాలన్నీ ఒక చిన్న మధ్యవర్తి క్లాసులో పెట్టి, మిగతా కోడ్ దానితోనే మాట్లాడేలా చేయడం మేలు.

ఈమాక్స్ ఎడిటర్ వాడేవారికి దీని చెల్లెలు లాంటి సమస్య తెలిసే ఉంటుంది. మ్యాక్రోలు బైట్ కంపైల్ సమయంలోనే విప్పబడి, కంపైల్ అయిన ఈఎల్‌సీ ఫైల్‌లో గడ్డకడతాయి, ఆ తరువాత మ్యాక్రో ఉన్న ప్యాకేజీ మారినా పాత విప్పుదలే నడుస్తుంది. అందుకే వింత ఎర్రర్ వచ్చినప్పుడు సోర్స్‌ను చదవడానికి ముందు ఈఎల్‌సీ ఫైళ్లను తుడిచి మళ్లీ కంపైల్ చేస్తాను.

నేటివ్ మాడ్యూల్స్, అంటే యంత్రభాషలోకి కంపైల్ అయ్యే మాడ్యూల్స్, విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటిని నేను వీలైనంత వరకు మానేశాను. నోడ్ 18కి మాడ్యూల్ వెర్షన్ సంఖ్య 108, నోడ్ 20కి 115. విజువల్ స్టూడియో కోడ్‌కు ఆధారమైన ఎలక్ట్రాన్ మాత్రం తన సంఖ్యలు తానే పెట్టుకుంటుంది. అందుచేత టెర్మినల్‌లోని నోడ్‌తో చక్కగా కంపైల్ అయి నడిచిన మాడ్యూల్, ఎలక్ట్రాన్ మీద నడిచే ఎడిటర్ లోపల వేరే వెర్షన్‌కు కంపైల్ అయిందని తిరస్కారానికి గురవుతుంది. ఎలక్ట్రాన్ కోసం మళ్లీ కంపైల్ చేయవచ్చు, కానీ ఎడిటర్ ఎలక్ట్రాన్ మారిన ప్రతిసారీ అదే పని. నోడ్ ఏపీఐ ఆధారంగా రాసిన మాడ్యూల్స్‌కు ఈ బాధ లేదు, ఆ ఏపీఐ బైనరీ స్థాయిలో స్థిరంగా ఉండేలా రూపొందించబడింది.

నా చిన్న ఎక్స్‌టెన్షన్ ఇప్పుడు 1.60 టైప్స్‌తో, కేరట్ లేకుండా కంపైల్ అవుతోంది. లాక్ ఫైల్ రిపాజిటరీలో ఉంది. స్వయంచాలక బిల్డ్ దానిని మార్చకుండా ఉన్నది ఉన్నట్టు వాడుకునే ఎన్‌పీఎమ్ సీఐ ఆదేశంతోనే ప్యాకేజీలు తెచ్చుకుంటుంది. ఆ బిల్డ్‌లో పరీక్షలు రెండుసార్లు నడుస్తాయి, ఒకసారి 1.60 ఎడిటర్‌లో, ఒకసారి ఆ రోజుకు ఉన్న కొత్త ఎడిటర్‌లో. ట్యాబ్ గ్రూప్స్ కోసం రాసుకున్న 11 పంక్తుల ఇంటర్‌ఫేస్ ఫైల్ ఒక్కటే మిగిలింది. కనీస వెర్షన్ 1.67కు చేరిన రోజున దీనిని తీసేయవచ్చని దాని మొదటి పంక్తిలో రాసి పెట్టాను. మొదట చేయదలచిన ఆ రెండు పంక్తుల మార్పు మరుసటి రోజు ఉదయం పది నిమిషాల్లో పూర్తయింది.